రిజిస్టరులో రాసిన వయసు

నేను రాసిన వ్యాసాల్లో ఎక్కువమంది చదివింది తప్పుడు వ్యాసం. దాన్ని దిద్దుతూ తరవాత ఇంకొకటి రాశాను. దాన్ని చదివినవాళ్ళు, ప్రూఫులు చూసిన నా భార్యతో కలిపి, వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి ఏదైనా చెప్పమంటారు. సాధించిన సంగతులు చెప్పడానికి మా తరంలో చాలామంది ఉన్నారు కాబట్టి, నేను సూర్యాపేట సంగతి చెప్తాను.

క్యాన్సర్ ఎవరికి వస్తున్నది, ఏ ఊళ్ళో ఎక్కువ, ఎందుకు ఎక్కువ అని ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీసే పని మాది. అరవైల చివర్లో హైదరాబాదులోని ఒక వైద్య కళాశాలలో మా శాఖ అంటే రెండు గదులు, ఒక బీరువా, ఒక ఆచార్యులు, నేను. ఆచార్యులది కోస్తా. చదువులో గట్టివారు, మాటలో ఇంకా గట్టివారు. నోటి క్యాన్సరుకు అసలు కారణం తిండిలోపం అని ఆయన సిద్ధాంతం. పొగాకు అక్కడ నిలబడి దొరికిపోయిన సాక్షి మాత్రమే అనేవారు. పట్నంలో క్యాన్సర్ దవాఖానలో పనిచేసే ఒక లేడీ డాక్టరు దీన్ని ఒప్పుకునేవారు కాదు. ఇద్దరూ ఒకే సభలో ఉంటే మా బోటివాళ్ళం ముందే వెళ్ళి వెనక వరసలో కుర్చీలు పట్టుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో ఒక బీడీ కంపెనీ ఆచార్యుల దగ్గరికి వచ్చింది. సూర్యాపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు నోట్లో పుండ్లు లేస్తున్నాయని అక్కడి కార్మిక సంఘం గొడవ చేస్తున్నది. నిజానిజాలు తేల్చమని కంపెనీ కోరింది. చుట్టే ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి చుడుతూ చుడుతూ, అదే తంబాకు చిటికెడు తీసి దవడన పెట్టుకుంటారు. పంటినొప్పికని కొందరు, ఆకలి తెలియదని కొందరు. కంపెనీ మాకు జీపు ఇచ్చింది, డ్రైవరును ఇచ్చింది, ఆకు గోదాము వెనక గది ఇచ్చింది, తన రిజిస్టరు ఇచ్చింది.

"నా రిపోర్టులో వాళ్ళు ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. కాగితం మీద రాయించుకున్నాను" అన్నారు ఆచార్యులు.

ముట్టుకోలేదు కూడా. ఇప్పటి పిల్లలు కంపెనీ అనగానే నోట్ల కట్టలు ఊహించుకుంటారు. నేను పనిచేసిన రెండేళ్ళలో మమ్మల్ని ఎవరూ ఏమీ మార్చమనలేదు. పొద్దున తొమ్మిదింటికి జీపు గది ముందు ఆగేది. ఎక్కి కూర్చునేవాళ్ళం. అది ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ దిగేవాళ్ళం.

నాతోపాటు పనిచేయడానికి ప్రభుత్వ దవాఖాన నుంచి ఒక నర్సమ్మను పంపారు. సూర్యాపేటలోనే పుట్టి, మిషన్ బడిలో చదివిన మనిషి. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. ఊళ్ళో సగం కాన్పులు ఆమె చేతి మీదే జరిగాయి. నాకు అప్పటికి డిగ్రీలు రెండున్నాయి గనుక ఆమెకు తెలిసింది నాకు అవసరం లేదనుకున్నాను.

పని ఇలా సాగేది. కంపెనీ కార్ఖానా వరండాలో ఆడవాళ్ళు వరసగా కూర్చునేవాళ్ళు. గుమాస్తా రిజిస్టరు చూసి పేరు, వయసు చదివేవాడు. ఆ మనిషి లేచి వచ్చి, నెత్తి మీది కొంగు సర్దుకొని, నోరు తెరిచేది. నేను టార్చి వేసి, చెక్కపుల్లతో నాలుక నొక్కి, రెండు దవడల లోపలా చూసి "బాగుంది" అనో "మచ్చ" అనో అనేవాణ్ణి. సిస్టర్ కార్డు మీద రాసేది. తరవాతి పేరు. రోజుకు డెబ్బై నోళ్ళ దాకా చూసేవాణ్ణి.

మూడో రోజో నాలుగో రోజో సిస్టర్ కలం ఆపింది.

"సార్, జర ఆగుండ్రి. గీ కార్డుల యాభై రెండేండ్లని ఉన్నది. ఆమెను సూసిన్రా?"

"చూశాను సిస్టర్. నోరు బాగుంది."

"నోరు గాదు సార్. మనిషిని."

నేను చూడలేదు. ఆమె అప్పటికే వెళ్ళి చాట ముందు కూర్చుంది. కొంగు ముఖం మీదికి ఉంది.

"రిజిస్టరులో ఉన్నదే రాయండి. మనకు తోచిన వయసులు మనం రాసుకుంటూ పోతే ఇది సర్వే కాదు" అన్నాను. అది నా మాట కాదు, ఆచార్యుల మాట. కానీ చెప్పినప్పుడు నాదే అన్నట్టు చెప్పాను.

సిస్టర్ యాభై రెండు అని రాసింది. కార్డు మూలన పెన్సిలుతో చిన్న చుక్క కూడా పెట్టింది. అదేమిటని నేను అడగలేదు. తరవాత చాలా కార్డుల మీద ఆ చుక్క కనబడింది. ఆమె లెక్కపెట్టుకునే గుర్తేదో అయి ఉంటుందనుకున్నాను.

బీడీ పనివాళ్ళతో పోల్చి చూడటానికి పొగాకుతో పనిలేని కూలీ ఆడవాళ్ళు కావాలి. అందుకు మిర్యాలగూడ రైసుమిల్లులు ఎంచుకున్నాం. అక్కడ తిప్పలు పడ్డాం. మిల్లు యజమాని ఒకాయన మర్యాదగా కూర్చోబెట్టి, "రోజుకూలోళ్ళకు రిజిస్టరేంది డాక్టర్‌సాబ్? ఇయ్యాల వచ్చినోళ్ళు రేపు రారు" అన్నాడు. దాంతో వాళ్ళుండే వాడలకే వెళ్ళాం. పనికి వెళ్ళేవాళ్ళనూ చూశాం, పని మాని ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్ళనూ చూశాం. వయసు ఎవరికీ తెలియదు. సిస్టరే రాబట్టేది.

"పెద్దమ్మా, రజాకార్ల గడబిడ నాటికి నీకు పెండ్లయిందా?"

"పెండ్లేంది బిడ్డా, ఇద్దరు పిల్లల తల్లిని."

అలా రాబట్టిన వయసులు శాస్త్రీయం కావని నాకు బాధగా ఉండేది. వ్యాసంలో అందుకు ఒక పేరా క్షమాపణ కూడా రాశాను. మొత్తం వ్యాసంలో క్షమాపణ అక్కరలేని భాగం అదొక్కటే.

లెక్కలు వేస్తే వచ్చిన ఫలితం చూసి ఆచార్యులు రెండుసార్లు మళ్ళీ వేయించారు. తేడా రాలేదు. యాభై దాటిన బీడీ పనివాళ్ళ నోళ్ళు, అదే వయసు మిల్లు కూలీల నోళ్ళకంటే ఎంతో బాగున్నాయి. తంబాకు మధ్య కూర్చున్నవాళ్ళు హాయిగా ఉన్నారు, బియ్యం చెరిగేవాళ్ళకు పుండ్లున్నాయి. తిండిలోపం సిద్ధాంతానికి ఇంతకంటే ఏం కావాలి? వ్యాసం మంచి పత్రికలో వచ్చింది. ఆచార్యుల పేరు ముందు, నా పేరు వెనక. కంపెనీ దాని సారాంశాన్ని తెలుగులో కరపత్రంగా అచ్చు వేసి బీడీలు కొనే ఊళ్ళన్నిటా పంచింది. కోదాడలో బడిపంతులుగా ఉన్న మా నాన్న దాన్ని కిరాణా కొట్టులో చూసి, నా పేరుందని మడిచి దాచుకున్నాడు.

ఆ ఏడు చలికాలంలో హైదరాబాదులో వైద్యుల సభ జరిగింది. వ్యాసం చదివే పని ఆచార్యులు నాకు అప్పగించారు. చదవడం అయ్యాక ఆ లేడీ డాక్టరు లేచారు. పొట్టి మనిషి. గొంతు పెంచరు.

"ఈ రెండేళ్ళలో సూర్యాపేట నుంచి మా వార్డుకు ఆడవాళ్ళు ఇద్దరు వచ్చారు. బీడీలు చుట్టేవాళ్ళమని చెప్పారు. మీ కార్డుల్లో వాళ్ళున్నారా?"

"దవాఖానకు వచ్చినవాళ్ళను చూసి ఊరి ఆరోగ్యం చెప్పలేం మేడమ్. అలా చెప్పగలిగితే, వార్డులో కూర్చుంటే లోకమంతా రోగులే అనిపిస్తుంది" అన్నాను.

నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఆచార్యులు తల ఊపారు. ఆ చప్పట్లు బాగున్నాయని ఒప్పుకోవాలి. సభ ముగిశాక ఆమె నా దగ్గరికి వచ్చి ఒక చీటీ చేతిలో పెట్టారు. రెండు పేర్లు, వాళ్ళ ఇంటిపేర్లు, వీధులు, దవాఖానలో చేరిన తేదీలు.

"తీరిక ఉన్నప్పుడు చూడండి" అన్నారు. అంతే.

ఆమెది తప్పని చూపిద్దామనే బీరువా తెరిచాను. మొదటి పేరు దొరకలేదు. రెండోది దొరికింది. పేరు, ఇంటిపేరు, వీధి అన్నీ సరిపోయాయి. వయసు యాభై రెండు. నోరు బాగుంది. పరీక్ష చేసిన తేదీ చూశాను. చీటీలో తేదీ చూశాను. నేను సూర్యాపేటలో ఆమె నోరు చూసి బాగుందన్న రోజుకు, ఆమె హైదరాబాదులో వార్డులో చేరి మూడు వారాలైంది.

కార్డు మూలన పెన్సిలు చుక్క ఉంది.

ఆ వారం సెలవు పెట్టి బస్సెక్కాను. జీపు కావాలని కంపెనీని అడగలేదు. దవాఖానలో సిస్టర్ ఇంజక్షన్ సూదులు ఉడకబెడుతున్నది. కార్డు చూపించాను. చూసి, చేతులు తుడుచుకుంది.

"గిది కోడలు పిల్ల సార్. ఆ పిల్ల మొదటి కాన్పు నేనే జేసిన. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటయేమో."

"అప్పుడే చెప్పొచ్చు కదా సిస్టర్."

"చెప్పిన గద సార్" అంది. కోపంగా అనలేదు.

ఇద్దరం ఆ ఇంటికి వెళ్ళాం. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని చుడుతున్నది. నన్ను చూసి కొంగు లాక్కుంది. సిస్టర్ పక్కన కూలబడి, చాటలోంచి ఒక ఆకు తీసి కత్తిరిస్తూ మాట కలిపింది. నేను నిలబడి కార్డు చదివాను.

"ఈ పేరు నీదేనా అమ్మా?"

"మా అత్తది సారూ."

"మరి ఆ రోజు ఈ పేరు పిలిస్తే నువ్వెందుకు వచ్చావు?"

"అత్తకు దవడ వాసి మంచం వట్టె. కంపెనీల నా పేరున కొత్త పని కార్డు ఇయ్యమంటే ఇయ్యరు. పేరు పోతే ఇంట్ల పని పోతది. అందుకని అత్త పేరు మీద నేను చుడుతున్న."

"నాకు చెప్పొచ్చు కదా."

ఆమె చేతిలోని బీడీ చుట్టడం ముగించి, దారం కట్టి, పక్కన పెట్టింది.

"మీరు నోరు తెరువుమన్నరు సారూ. తెరిచిన."

ఆ వీధిలో ఇంకా నాలుగిళ్ళకు తీసుకెళ్ళింది సిస్టర్. అన్నీ చుక్క పెట్టిన కార్డులే. అన్ని ఇళ్ళలోనూ పేరొకరిది, చుట్టే చేయి ఇంకొకరిది. ఒక ఇంట్లో, నేను నోరు చూసిన రోజుకే ఆ పేరు గల మనిషి చనిపోయి ఏడాదైంది. ఆమె నోరు కూడా బాగుందనే నేను రాశాను.

కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చాయ్ తెప్పించాడు. ఏదీ దాచలేదు.

"గది అందరికి ఎరుకే డాక్టర్‌సాబ్. ఇంట్ల ఎవలు చుట్టినా బీడీ బీడీయే గద. పేరుతోని మాకేం పని?"

కుట్ర ఉంటే నాకు సులువయ్యేది. కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

ఆ పిల్ల అత్తగారు కోదాడ పక్క చిలుకూరులో కూతురి దగ్గర ఉందని తెలిసి మరునాడు అక్కడికి వెళ్ళాం. కోదాడలో మా నాన్న ఇంటికి అది నడిచిపోయే దూరం. హైదరాబాదులో ఆమెకు కరెంటు పెట్టి, అంటే రేడియేషన్ ఇచ్చి, పంపించారు. ఎడమ దవడ నల్లబడి లోపలికి పోయింది. మాట స్పష్టంగా లేదు. అల్లుడు పక్కన కూర్చుని, మాకు అర్థం కానిచోట చెప్పాడు. నేను ఆమెకు సంగతంతా చెప్పాను. నా లెక్క తప్పని, ఇప్పుడు అసలు సంగతి రాస్తానని. నేనేదో మంచివార్త తెచ్చిన మనిషిలా మాట్లాడాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏదో అంది.

"రాయొద్దంటోంది సార్" అన్నాడు అల్లుడు. "రాస్తే కోడలి కార్డు తీసేస్తారంట. వాళ్ళింట్లో ఆ కార్డు తప్ప ఇంకేం లేదు."

ఇది నేను ఆలోచించలేదు. పేర్లు రాయనని చెప్పాను. ఆమె మళ్ళీ ఏదో అంది. ఈసారి సిస్టర్‌కే అర్థమైంది.

"పేర్లు రాయకపోతే ఏమాయె, ఆళ్ళే వెతుక్కుంటరు అంటున్నది సార్."

తిరిగొచ్చే బస్సులో సిస్టర్‌ను ఏం చేద్దామని అడిగాను. ఆమెను ఒక సలహా అడగడం అదే మొదటిసారి.

"రాస్తే కొందరి పని పోతది. రాయకపోతే ఇంకొందరి దవడలు పోతయ్. నన్నేం జెయ్యమంటరు సార్?" అని కిటికీ వైపు తిరిగింది. కోదాడ దాటి చాలా దూరం వచ్చాక మళ్ళీ ఇటు తిరిగింది. "కని ఆ కాయితం జూసి తంబాకుతోని ఏం గాదనుకుంటున్నరు ఆడోళ్ళు. కార్ఖానల చదివి వినిపిస్తున్నరంట."

కరపత్రం మీద నా పేరుంది.

ఆచార్యుల ఇంటికి ఆదివారం పొద్దున వెళ్ళాను. ఆయన పూజ ముగించి బయటికొచ్చారు. కార్డులన్నీ బల్ల మీద పరిచి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. చివరికి కళ్ళద్దాలు తీశారు.

"నాలుగిళ్ళు చూసి రెండేళ్ళ పని తప్పంటావా?"

"చుక్క పెట్టిన ప్రతి ఇల్లూ చూస్తానండీ. నాలుగు నెలలు సెలవివ్వండి."

"చుక్క! ఒక నర్సు పెట్టిన చుక్కను పట్టుకుని నువ్వు నా మీద వ్యాసం రాస్తావా?"

"మన మీద అండీ."

ఆ మాటకు ఆయన ముఖంలో కనిపించింది కోపం కాదు. తరవాత చాలా ఏళ్ళకు, నా శిష్యుడొకడు నా లెక్కలో తప్పు పట్టినప్పుడు అదేమిటో నాకు తెలిసింది. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. అమ్మగారు కాఫీ తెచ్చి, ఆయన లేకపోవడం చూసి, నాకొక్కడికే ఇచ్చారు.

సెలవు ఇవ్వలేదు. జీతం లేని సెలవు పెట్టాను. సిస్టర్ తన డ్యూటీ అయిపోయాక వచ్చేది. చుక్క పెట్టిన ఇళ్ళన్నీ తిరిగాం. పేరు గల మనిషి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి నోరు చూశాం. తిరుమలగిరిలో బిడ్డ దగ్గరున్నవాళ్ళను, కోదాడలో తమ్ముడి పంచన పడున్నవాళ్ళను కూడా చూశాం. కొందరికి రోగమేమీ లేదు. చూపు తగ్గో, నడుం పట్టో మానేశారు. చాలామందికి ఉంది. వచ్చిన లెక్క మొదటి లెక్కను తలకిందులు చేసింది. బీడీ పనివాళ్ళలోనే పుండ్లు ఎక్కువ.

రాసింది పట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సభలో అన్న మాటకు ముందు క్షమించమని అడిగాను. ఆమె కాగితాలు చదువుతూ చేత్తోనే ఆ మాట పక్కకు తోసేశారు.

"మీరు తప్పు రాసిపెట్టారు కాబట్టి దిద్దగలిగారు. నా వార్డులో ఇన్నేళ్ళుగా ఎవరు ఏ పని చేస్తారన్నది కేసు కాగితాల్లో రాయనే లేదు. దిద్దడానికి నా దగ్గర తప్పు కూడా లేదు" అన్నారు.

అది ఆమె పేరు, నా పేరు, సిస్టర్ పేరుతో వచ్చింది. నర్సు పేరెందుకని పత్రికవాళ్ళు ఉత్తరం రాశారు. చుక్కలు ఆమెవని జవాబు రాశాను.

తరవాత జరిగినవి చెప్తాను. కాలేజీలో నాకు రావాల్సిన పోస్టు ఇంకొకరికి వచ్చింది. నన్ను టీకాల పర్యవేక్షణకు పంపారు. సిస్టర్‌ను తిరుమలగిరికి బదిలీ చేశారు. నా వల్లే అని బాధపడుతుంటే, "తిరుమలగిరికి బస్సులు లేవా సార్, గంతగనం పరేషానెందుకు?" అంది. ఆచార్యులు పదవీ విరమణ దాకా నాతో మాట్లాడలేదు. పొగాకు మీద ఆయన మనసు మారిందో లేదో నాకు తెలియదు. ఆ కరపత్రాన్ని మాత్రం మళ్ళీ అచ్చు వేయొద్దని కంపెనీకి ఆయనే ఉత్తరం రాశారని, ఆయన పోయాక వాళ్ళ అబ్బాయి చెప్పాడు.

చిలుకూరులో ఆ ముసలామె అన్నట్టే అయింది. పేర్లు రాయకపోయినా కంపెనీ వెతుక్కుంది. రిజిస్టరులో వయసుకూ మనిషికీ పొంతన లేని కార్డులన్నీ ఒక్కరోజులో రద్దు చేసింది. ఆ ఆడవాళ్ళు కార్ఖానా ముందు కూర్చున్నారు. రెండో రోజు నేను వెళ్ళాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ నాతో మాట్లాడలేదు. మూడు వారాలు కూర్చున్నారు. ఆలోపు ఆకు గోదాములో ఉన్న ఆకు ఎండి పొడి కావడం మొదలైంది. అంగళ్ళ నుంచి సరుకు కోసం టెలిగ్రాములు వస్తున్నాయి. మేనేజరు బల్ల బయట వేసుకుని, ఎవరి పేరున వాళ్ళకు కొత్త కార్డులు రాసి ఇచ్చాడు. న్యాయమనిపించి ఇవ్వలేదు, బీడీలు కావాల్సి వచ్చి ఇచ్చాడు. ఆ మూడు వారాలు ఆ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో నేను ఏ వ్యాసంలోనూ రాయలేదు. ముసలామె అప్పటికి పోయింది.

కొన్నేళ్ళకు లేడీ డాక్టరు పూనుకొని ఆ వీధుల్లోనే మళ్ళీ సర్వే పెట్టించారు. ఈసారి ఎవరి రిజిస్టరూ లేదు. బడి వరండాలో బల్ల వేసుకున్నాం. సిస్టర్ తిరుమలగిరి నుంచి పొద్దుటి బస్సుకు వచ్చేది. ఆ కోడలు మొదటి రోజే వచ్చింది. ఎడమ దవడ లోపల, గోరంత తెల్లటి మచ్చ. తంబాకు మానేస్తే పోయే దశ. మానకపోతే అత్తగారి దారి. ఆ మాటే చెప్పాను.

ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది. "ఇగ నా పేరు తీసేస్తరా సారూ?"

"తియ్యం. ఆరు నెలలకోసారి పిలుస్తాం. కంపెనీకి చెప్పం."

నమ్మినట్టు కనబడలేదు. చదువు రాకపోయినా, సిస్టర్ కార్డు రాయడం అయ్యేదాకా వెనక నిలబడి కలం వైపే చూసింది.

అయినా ఆరు నెలలకు వచ్చింది. మళ్ళీ ఆరు నెలలకు వచ్చింది. మానేశానని చెప్పేది. వేళ్ళ సందులో ఉండే తంబాకు నోటికి రాకుండా ఉండటం ఎంత కష్టమో తెలుసు కనుక నేను సగమే నమ్మేవాణ్ణి. నాలుగోసారి వచ్చినప్పుడు టార్చి వేసి చూస్తే మచ్చ కనబడలేదు. బ్యాటరీలు మార్చి మళ్ళీ చూశాను. కుడివైపు చూశాను. నాలుక కింద చూశాను. సిస్టర్‌ను పిలిచి ఆమెనూ చూడమన్నాను. సిస్టర్ చూసి, నా వైపు చూసి, కలం మూత తీసింది.

ఆ పిల్లకు నోరు తెరిచి తెరిచి దవడలు నొప్పెట్టినట్టున్నాయి. నా చెయ్యి పక్కకు నెట్టి నోరు మూసుకుంది.

"దొరుకుతలేదా సారూ? అయితే ఇగ పోత. తడిపిన ఆకు ఎండిపోతది."